బ్లాక్ రాబిన్ ఒకే తల్లి సంతానమా? గుడ్ల మార్పిడి పద్ధతి కలివికోడికి పనికొస్తుందా?

మీ ప్రశ్నను కుదిస్తే ఇదీ: న్యూజిలాండ్‌కు చెందిన చాథమ్ దీవుల్లో బ్లాక్ రాబిన్ అనే నల్ల పిట్ట 1980 నాటికి ఐదంటే ఐదే మిగిలింది. వాటిలో ఒకే ఒక్క ఆడపిట్ట సంతానంతో మళ్లీ వందలకు చేరింది. దాని గుడ్లు తీసి వేరే జాతి గూళ్లలో పొదిగించారు. అన్నీ ఒకే తల్లి పిల్లలైతే జాతి బలహీనపడాలి కదా, ఎలా నిలిచింది? ఇంత బాగా పనిచేసిన పద్ధతిని కడప వైపు ముళ్లపొదల్లో ఉండే మన అరుదైన పిట్ట కలివికోడికి ఎందుకు వాడరు?

ముందు సూటిగా జవాబు చెప్తాను. ఒకే జంట సంతానం అన్నది నిజం. బలహీనపడలేదు అనుకోవడం మాత్రం తప్పు. ఆ నష్టాన్ని కొలిచి చూపించారు కూడా. గుడ్ల మార్పిడి పిట్టల సంఖ్యను పెంచింది. పెరిగిన పిట్టలకు ఉండే చోటు చూపింది మాత్రం అంతకుముందు ఏళ్ల తరబడి ఆ దీవుల మీద జరిగిన పని. ఆ పని జరక్కపోయి ఉంటే పొదిగించిన పిల్లలన్నీ పిల్లుల నోట్లోనో ఎలుకల నోట్లోనో పడేవి. కలివికోడికి ఈ పద్ధతి ప్రస్తుతానికి పనికిరాదు. ఎందుకో చివర్లో రాశాను.

ఇక వివరాలు. చాథమ్ దీవులు న్యూజిలాండ్ దక్షిణ దీవికి తూర్పున దాదాపు 800 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ఈ రాబిన్ అక్కడ తప్ప మరెక్కడా లేదు. గుప్పెట్లో ఇమిడే పిట్ట. పొడవు 15 సెంటీమీటర్లు, బరువు పాతిక గ్రాముల లోపు, ఆడా మగా రెండూ ఒళ్లంతా నలుపే. దట్టమైన అడవి నీడలో నేల మీద, కింది కొమ్మల్లో తిరుగుతూ రాలిన ఆకుల మధ్య పురుగూ పుట్రా ఏరుకు తింటుంది. మనిషి దగ్గరికి వచ్చినా బెదరదు. నేలకు ఇంత దగ్గరగా బతికే, భయమంటే తెలియని పిట్ట ఉన్న చోటికి 19వ శతాబ్దంలో వలస వచ్చినవాళ్లతో పాటు పిల్లులు, ఎలుకలు దిగాయి. గొర్రెల మేత కోసం అడవి నరికారు. పెద్ద దీవుల్లో రాబిన్ ఆ శతాబ్దంలోనే తుడిచిపెట్టుకుపోయింది. లిటిల్ మాంగెరె అనే ఒక్క చోట మాత్రం మిగిలింది. సముద్రంలోంచి నిట్టనిలువుగా లేచిన రాతి గుట్ట అది, నెత్తిన కాస్తంత పొదల అడవి. పిల్లులు ఎక్కలేని చోటు కాబట్టి మిగిలింది. 1938లో చార్లెస్ ఫ్లెమింగ్ అనే పక్షి శాస్త్రవేత్త అక్కడ వీటిని మళ్లీ గుర్తించాడు.

ఆ గుట్ట మీది అడవి కూడా పాడైపోతూ రావడంతో 1976–77లో చివరికి మిగిలిన ఏడు పిట్టలనూ పట్టుకుని, పెట్టెల్లో పెట్టి, కొండచరియ మీదుగా దించి పక్కనున్న మాంగెరె దీవికి చేర్చారు. ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది ఇక్కడి నుంచి నేరుగా గుడ్ల దగ్గరికి వెళ్లిపోతారు. కానీ నన్నడిగితే అసలు పని మాంగెరె మీద జరిగింది. ఆ దీవిలో పిల్లులు అప్పటికే అంతరించాయి. 1960లలో దాన్ని రక్షిత ప్రాంతం చేశారు, గొర్రెలను పూర్తిగా తీసేశారు. ఆ తర్వాత గాలికి, ఉప్పుజల్లుకు తట్టుకునే అకేఅకే అనే స్థానిక చెట్టు మొక్కలు లక్షా ఇరవై వేల దాకా నాటారు. పిట్టను తేవాలంటే ముందు నీడ కావాలి, నీడ కింద ఆకు చెత్త కావాలి, ఆ చెత్తలో పురుగు పుట్టాలి. అందుకు ఏళ్లు పడుతుంది. నాటిన మొక్కలు ఎదిగేదాకా దీవిలో మిగిలిన పాత అడవి తునకే వాటికి దిక్కయింది.

అక్కడికి వచ్చాక కూడా ఏడు కాస్తా ఐదయ్యాయి. ఆ ఐదింటిలో పిల్లలను కనగలిగిన జంట ఒక్కటే. కాళ్లకు తొడిగిన పట్టీల రంగును బట్టి ఆడదాన్ని ఓల్డ్ బ్లూ అనీ, మగదాన్ని ఓల్డ్ ఎల్లో అనీ పిలిచారు. అప్పటికే ఓల్డ్ బ్లూ వయసు ఎనిమిదేళ్ల పైమాటే. మామూలుగా ఈ పిట్టలు అంతకాలం బతకవు. ఇవాళ బతికున్న ప్రతి బ్లాక్ రాబిన్ ఈ ఇద్దరి వంశమే.

గుడ్లు ఎందుకు తీశారు? ఈ పిట్ట ఒక విడతలో సాధారణంగా రెండే గుడ్లు పెడుతుంది. పొదగడానికి దాదాపు 18 రోజులు, పిల్లలు గూడు వదలడానికి మరో మూడు వారాల పైన, ఆ తర్వాత కూడా కొన్ని వారాలు తల్లిదండ్రులే మేపాలి. అంటే ఒక్క విడతకే సీజనంతా అయిపోతుంది. పిల్లలు జతకట్టడానికి మామూలుగా రెండేళ్లు పడుతుంది. ఏడాదికి రెండు గుడ్లు, వాటిలో కొన్ని పొదగవు, పొదిగినవాటిలో కొన్ని బతకవు. ఈ లెక్కన ముసలి ఆడపిట్ట ఒక్కటే ఉన్నప్పుడు జాతి నిలవదు. అయితే గుడ్లు పోయిన పిట్ట ఊరుకోదు, సీజన్ మిగిలుంటే మళ్లీ గూడు కట్టి మళ్లీ పెడుతుంది. న్యూజిలాండ్ వన్యప్రాణి శాఖలో డాన్ మెర్టన్ నాయకత్వంలో పనిచేసిన బృందం ఈ గుణాన్నే వాడుకుంది. మొదటి విడత తీసి వేరే పిట్టకు అప్పగిస్తే ఓల్డ్ బ్లూ రెండో విడత పెడుతుంది.

వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ చేతుల మీదుగా చేసేటప్పుడు ఎక్కడ పడితే అక్కడ చెడిపోయే పని ఇది. చిన్న పాటపిట్టల గుడ్లతో పనిచేసేవాళ్లు పాటించే పద్ధతి క్రమంగా రాస్తాను.

పెట్టిన రోజే గుడ్డు తీయకూడదు. అసలు తల్లి కిందే కొన్ని రోజులు పొదగనివ్వాలి. మొదటి రోజుల్లో తల్లి ఒంటి వేడి, అది గుడ్లను తిప్పే తీరు దొరికిన గుడ్డు ఆ తర్వాత యంత్రం కిందైనా, పరాయి గూట్లోనైనా బాగా పొదుగుతుంది. మొదటి నుంచే బయట పెట్టినవాటిలో చచ్చేవి ఎక్కువ. నాలుగైదు రోజులయ్యాక గుడ్డును వెలుగుకు పట్టి చూస్తే సన్నటి ఎర్ర నరాలు కనబడతాయి. కనబడకపోతే ఆ గుడ్డులో జీవం లేనట్టే, దాన్ని మోసి లాభం లేదు.

తరలించే పెట్టె మెత్తగా, వెచ్చగా ఉండాలి. ఇక్కడ అందరూ చలికి భయపడతారు. నిజానికి వేడి ఎక్కువైతేనే పెద్ద ప్రమాదం. తల్లి మేతకు వెళ్లినప్పుడు గుడ్డు చల్లబడడం రోజూ జరిగేదే, కాసేపు చల్లబడితే పిండం తట్టుకుంటుంది. పొదిగే వేడి 37–38 డిగ్రీలైతే, దానికి మూడు నాలుగు డిగ్రీలు పైకి పోయినా పిండం త్వరగా చస్తుంది. పడవ కుదుపులూ చెడ్డవే. చాథమ్‌లో మాంగెరె నుంచి రంగటీరా దీవికి 15 కిలోమీటర్ల దాకా అల్లకల్లోలమైన సముద్రం మీద గుడ్లను పడవలో మోశారు.

గుడ్లు తీసిన పాత గూటిని కూడా తీసేయడం మంచిది. గూడు అలాగే ఉంటే ఖాళీ గూటి మీద తిరుగుతూ రోజులు వృథా చేసే పిట్టలు ఉంటాయి. గూడు పోతే కొత్తది కట్టడం మొదలుపెడుతుంది. అక్కడ అక్టోబరు నుంచి జనవరి దాకానే గుడ్ల కాలం, పది రోజులు వృథా అయితే రెండో విడతే పోవచ్చు.

పెంపుడు తల్లి పొదుగులో ఏ దశలో ఉందో ముందే తెలియాలి. దాని గుడ్లు, మనం తెచ్చిన గుడ్లు ఒకటి రెండు రోజుల తేడాలో ఉండాలి. దాని గుడ్లు పెట్టి పది రోజులై, మనవి మూడు రోజులవైతే, పొదగాల్సిన రోజులు దాటాక విసిగి గూడు వదిలేస్తుంది. అందుకే ఈ పనిలో గుడ్లు మోసే సమయం కన్నా పెంపుడు జాతి గూళ్లను వెతికి, తేదీలు రాసుకుంటూ తిరిగే సమయమే చాలా ఎక్కువ. ఒక్క గుడ్డుకు చోటు దొరకాలంటే చాలా గూళ్ల జాడ తెలిసి ఉండాలి.

ఇక ఏ పిట్టకు అప్పగించాలి? బ్లాక్ రాబిన్ విషయంలో మొదట చాథమ్ వార్బ్లర్‌ను ఎంచుకున్నారు. అది మాంగెరెలోనే ఉంది కాబట్టి సముద్రం దాటే పని లేదు. వార్బ్లర్లు గుడ్లు బాగానే పొదిగాయి, పిల్లలూ బయటికొచ్చాయి. కానీ పిల్లలకు దాదాపు పది రోజులు దాటాక తిండి చాల్లేదు. వార్బ్లర్ బరువు రాబిన్‌లో సగం కూడా ఉండదు, తెచ్చేది చిన్న చిన్న పురుగులు. పెరిగే రాబిన్ పిల్లకు కావలసిన మాంసకృత్తులు అంత చిన్న నోటితో తెచ్చే మేతలో రావు. పొదగగలిగినంత మాత్రాన పెంచగలదని కాదు. పెంపుడు జాతిని ఎంచేటప్పుడు నేను మొదట చూసేది గూటి ఆకారం కాదు, అది పిల్లలకు ఏం తెస్తుంది, గంటకు ఎన్నిసార్లు తెస్తుంది అన్నది.

తర్వాత ఎంచుకున్నది చాథమ్ టామ్‌టిట్. రాబిన్‌కు దగ్గరి చుట్టం, ఒకే ప్రజాతి, మేత కూడా దగ్గరదగ్గరగా అదే రకం. అయితే తిండికి రాబిన్‌తో పోటీ పడుతుందని మాంగెరె నుంచి టామ్‌టిట్లను అంతకుముందే తీసేశారు. అందుకే గుడ్లను రంగటీరాకు మోయాల్సి వచ్చింది. 1981 నుంచి టామ్‌టిట్ తల్లులు రాబిన్ పిల్లలను రెక్కలొచ్చేదాకా పెంచాయి. 1980ల చివరికి రాబిన్ల సంఖ్య నూరు దాటింది.

కానీ ఇక్కడ ఇంకో చిక్కు వచ్చింది. మన కాకి గూట్లో పెరిగిన కోకిల పిల్ల పెద్దయ్యాక కాకిలా అరవదు, కాకితో జతకట్టదు. పరాయి గూట్లో పెరిగినా తన జాతిని తాను గుర్తుపట్టే గుణం దానికి పుట్టుకతోనే ఉంది. రాబిన్‌కు ఆ గుణం లేదు. ఎవరు పెంచితే వాళ్లదే తన జాతి అనుకుంటుంది. టామ్‌టిట్ల దగ్గర పూర్తిగా పెరిగిన రాబిన్లు టామ్‌టిట్ పాటే నేర్చుకున్నాయి, టామ్‌టిట్లతోనే జతకట్టబోయాయి, సంకర పిల్లలూ పుట్టాయి. అన్ని కష్టాలు పడి పెంచిన పిల్ల తన జాతికి దక్కకుండా పోవడమంటే ఇదే. దీనికి విరుగుడు, పిల్లలు గూడు వదలక ముందే వాటిని మళ్లీ రాబిన్ గూట్లోకి మార్చడం. పొదగడం, మొదటి మేపు టామ్‌టిట్ వంతు. చివరి రోజులు, పాట నేర్చుకునే కాలం రాబిన్ వంతు. అంటే రాబిన్ జంట అప్పటికి పిల్లలను తీసుకునే దశలో ఉండేలా తేదీలు మళ్లీ కుదరాలి. ఇలాంటి గుణం ఉన్న పిట్టల జాతుల్లో ఈ పద్ధతి వాడాలనుకునేవాళ్లు మొదటి రోజే ఈ రెండో మార్పిడికి కూడా ప్రణాళిక వేసుకోవాలి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించే విషయానికి వస్తాను, ఎందుకంటే దీన్ని చాలామంది వదిలేస్తారు. 1984లో బృందం ఒక సంగతి గమనించింది. కొన్ని ఆడపిట్టలు గుడ్డును గూటి గుంటలో కాకుండా గూటి అంచు మీద పెడుతున్నాయి. అంచు మీది గుడ్డును తల్లి పొదగదు, అది చల్లబడి పోతుంది. ఒక్కో గుడ్డూ బంగారంతో సమానమైన రోజులవి. కాబట్టి కనబడిన ప్రతి గుడ్డునూ మనుషులే వేలితో మెల్లగా గుంటలోకి జరిపారు. ఆ స్థితిలో ఎవరైనా అదే చేస్తారు, నేనైనా అదే చేస్తాను. కానీ ఫలితం చూడండి. ఐదేళ్లు తిరిగేసరికి, 1989కి, సగం కంటే ఎక్కువ ఆడపిట్టలు అంచు మీదే పెట్టసాగాయి. 1990 నుంచి గుడ్లు జరపడం ఆపేశారు. ఆ గుణం క్రమంగా తగ్గుతూ 2011 నాటికి తొమ్మిది శాతానికి దిగింది.

దీని వివరాలు 2013లో వెలువడ్డాయి. పట్టీల వల్ల ప్రతి పిట్ట తల్లిదండ్రులెవరో తెలుసు కాబట్టి వంశవృక్షం గీసి లెక్క కట్టారు. తల్లి వైపు నుంచో తండ్రి వైపు నుంచో ఒక్క జన్యు ప్రతి వచ్చినా చాలు, ఈ గుణం బయటపడుతుందన్న లెక్క దానికి సరిపోయింది. మామూలు అడవిలోనైతే అంచు మీద పెట్టిన పిట్టకు పిల్లలు ఉండవు, ఆ గుణం ముందుకు పోదు. ఇక్కడ మనిషి వేలు ఆ లోపాన్ని కప్పేసింది. పిట్టలు తక్కువున్న చోట అలాంటి గుణం కొన్నేళ్లలోనే జాతంతా పాకుతుంది. ఇంకొన్నేళ్లు అలాగే జరుపుతూ ఉంటే, మనిషి లేకుండా పిల్లలను కనలేని జాతి తయారయ్యేది. సాయం చేస్తున్నప్పుడే ఏ సాయాన్ని ఎప్పుడు ఆపాలో రాసిపెట్టుకోవాలి. మేత పెట్టడమైనా, గూటి పెట్టెలైనా, గుడ్లు జరపడమైనా అంతే. సంఖ్య ఎంతకు చేరితే ఆపాలి, ఆపాక ఏమేం కొలవాలి అన్నది ముందే తేల్చుకోవాలి. సంఖ్య పెరుగుతున్న ఉత్సాహంలో ఆపడానికి ఎవరికీ మనసు రాదు.

ఇక మీ అసలు సందేహం, ఒకే రక్తం సంగతి. బ్లాక్ రాబిన్లలో జన్యు వైవిధ్యం అతి తక్కువ. రోగనిరోధకతకు సంబంధించిన జన్యువుల్లో కూడా తేడాలు దాదాపు లేవని తేలింది. 1990లలో చూసినప్పుడు పిట్టలు బాగానే బతుకుతున్నాయి, పిల్లలను కంటున్నాయి కాబట్టి పెద్ద ప్రమాదం లేదనిపించింది. 'చెడ్డ జన్యువులన్నీ ఆ గండంలో వడగట్టుకుపోయాయి, మిగిలినవి గట్టి పిట్టలు' అన్న మాట కూడా అప్పట్లో వ్యాపించింది. ఇప్పటికీ చాలాచోట్ల ఇదే చదువుతాం. కానీ 2014లో వంశవృక్షాలను పూర్తిగా విశ్లేషించి చూస్తే, రక్తసంబంధం దగ్గరయ్యేకొద్దీ పిల్లలు బతికి పెద్దవయ్యే అవకాశం స్పష్టంగా తగ్గుతోందని, వడగట్టుకుపోయిన దాఖలా ఏమీ లేదని తేలింది. పెరిగిన సంఖ్య ఈ నష్టాన్ని కప్పేసింది, అంతే. పిల్లలు కొన్ని ఎక్కువ చచ్చినా శత్రువులు లేని దీవి కాబట్టి మొత్తం మీద నెట్టుకొస్తున్నాయి. కొత్త జబ్బు ఏదైనా వస్తే మాత్రం అన్నీ ఒకేలా లొంగిపోయే ముప్పు ఉంది. కలపడానికి మరో వంశం లేదు కాబట్టి దీనికి మందు కూడా లేదు. ఐదుకు పడిపోయేదాకా ఆగితే మూల్యం ఇలా ఉంటుంది. యాభై ఉన్నప్పుడే మొదలుపెట్టి ఉంటే ఎన్నో వంశాలు దక్కేవి.

ఇప్పుడు మాంగెరె, రంగటీరా రెండు దీవుల్లో కలిపి దాదాపు 250–300 పిట్టలు ఉన్నాయి. ఎక్కువ భాగం రంగటీరాలోనే. 2000ల మొదట్లో అదే చాథమ్‌లోని పిట్ దీవిలో కంచె వేసిన అడవి ముక్కలో కొన్నిటిని వదిలి చూశారు గానీ అక్కడ నిలదొక్కుకోలేదు. కాబట్టి గుడ్లన్నీ రెండే బుట్టల్లో ఉన్నాయి. రంగటీరాలో దిగాలంటే అనుమతి కావాలి. సామానంతా విప్పి విత్తనాలు, ఎలుకలు లేవని చూసుకోవాలి. నేలంతా పెట్రెల్ అనే సముద్రపక్షుల బొరియలే కాబట్టి కాళ్లకు వెడల్పాటి చెక్కలు కట్టుకుని నడుస్తారు, లేకపోతే అడుగు వేసిన చోట బొరియ కూలి లోపలి పిట్ట చస్తుంది.

ఇంత జాగ్రత్త ఎందుకో తెలియాలంటే సీషెల్స్‌లోని ఫ్రెగేట్ దీవిని చూడండి. మన పెరళ్లలో పాడే పెద్ద నలంచికి దగ్గరి చుట్టమైన ఒక పిట్ట ఒకప్పుడు ఆ దీవిలో మాత్రమే మిగిలింది. 1995లో అక్కడికి ఎలుకలు చేరాయి. వాటిని పూర్తిగా తొలగించేసరికి 2000 అయింది. ఆ పిట్టలను అప్పటికే కొన్నిటిని వేరే దీవులకు పంచి ఉంచడం వల్ల అంతా పోయే భయం తప్పింది. అదే సీషెల్స్‌లో కజిన్ దీవి వార్బ్లర్ సంగతి ఇంకా నేర్పుతుంది. పాతిక ముప్ఫైకి పడిపోయిన పిట్ట అది. 1968లో ఆ దీవిని కొని, కొబ్బరి తోటను అదుపు చేసి, స్థానిక అడవిని తిరిగి పెరగనిచ్చారు. ఒక్క గుడ్డూ మార్చకుండానే వార్బ్లర్లు మూడొందలు దాటాయి. 1988లో 29 పిట్టలను అరీడ్ దీవికి మార్చితే అక్కడా నిండిపోయాయి. జబ్బు ఆవాసానిదైతే మందు కూడా ఆవాసానికే వేయాలి. గుడ్లు ముట్టుకోవడం అన్నిటికన్నా చివరి మెట్టు.

కలివికోడి విషయానికి వద్దాం. గుడ్ల మార్పిడికి మూడు కావాలి: గూళ్లు ఎక్కడున్నాయో తెలియాలి, పక్కనే సంఖ్యలో ఎక్కువున్న దగ్గరి చుట్టం ఉండాలి, తీసిన గుడ్లకు బదులు మళ్లీ పెడుతుందన్న నమ్మకం ఉండాలి. కలివికోడికి వీటిలో మొదటిదే లేదు. 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతంలో మళ్లీ బయటపడిన ఈ పిట్ట రాత్రిపూట, ముళ్లపొదల మధ్య నేల మీద తిరుగుతుంది. పిట్టే కంటికి కనబడదు, ఇక గూడెక్కడ? దీనిదని డీఎన్‌ఏ పరీక్షలో రుజువైన గుడ్డు స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉంది, అదీ వందేళ్ల కిందట సేకరించినది. పైగా ఇది పాటపిట్ట కాదు. దీని జాతి పిల్లలు గుడ్డులోంచి వస్తూనే కళ్లు తెరిచి తిరిగేవి. గూట్లో కూర్చోబెట్టి మేపే టామ్‌టిట్ లాంటి పెంపుడు తల్లి పద్ధతి దానికి అతకదు.

దానికి ఇప్పుడు కావలసింది మాంగెరె మీద చేసినట్టు చోటును కాపాడడం. పొదల మధ్య ఖాళీ నేల ఉండే పలచటి ముళ్ల అడవి దానికి కావాలి. పూర్తిగా నరికినా పోతుంది, మరీ కమ్ముకుపోయినా పోతుంది. కాబట్టి అక్కడ మేత, కట్టెల నరుకుడు ఎంతవరకు ఉండాలన్నది కొలిచి నిర్ణయించాల్సిన విషయం. ఎక్కడ ఉందో తెలుసుకోవడానికి మెత్తటి మట్టి పరిచిన పట్టీల మీద అడుగుజాడలు చూడడం, కెమెరా ట్రాప్‌లు, రాత్రి అరుపును రికార్డు చేసే పరికరాలు వాడతారు. మీరు ఆ వైపు వెళ్లి అరుపు విన్నామనుకుంటే ఫోన్‌లో దాని అరుపు పదేపదే వినిపించి బయటికి రప్పించాలని చూడొద్దు. ప్రతిసారీ అది మేత వదిలేసి జవాబు చెప్పడానికి తిరుగుతుంది, గుడ్లుంటే వాటిని వదిలేసే ప్రమాదమూ ఉంది. సమయం, చోటు రాసుకుని, వీలైతే దూరం నుంచి ఒక రికార్డింగు చేసి, అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో ఇవ్వండి. చోటు వివరాలు మాత్రం అందరికీ కనబడేలా ఎక్కడా పెట్టకండి.